‘ముందుగాల ఏది’ ద్వారకానాథ్

ద్వారకానాథ్‌కు ఏ పనైనా అడగకుండా మొదలుపెట్టడం చేతకాదు. అడిగేది కూడా ఒకటే ప్రశ్న: "ముందుగాల ఏది?" టీ పెట్టుకోవాలంటే ముందుగాల పాలా, నీళ్ళా? బూట్లు తొడుక్కోవాలంటే ముందుగాల కుడిదా, ఎడమదా? బస్సెక్కితే ముందుగాల డ్రైవరుకు గుడ్ మార్నింగ్ చెప్పాలా, కార్డు తాకించాలా? ఈ చివరి సందేహం వాడు నేరుగా డ్రైవరునే అడిగాడు. ఆయన బస్సు ఆపి ఆలోచించాడు. ఆయన ఆలోచిస్తున్నంతసేపూ క్లేటన్ వీధిలో మా వెనక కార్లు బారులు తీరాయి.

ఈ మనిషిని చూసి నేను కుళ్ళుకునేవాణ్ణి. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత మీరు కనిపెట్టి నన్ను నిలదీయడం ఎందుకు. మామూలు కుళ్ళు కూడా కాదు, అన్నం సయించనివ్వని కుళ్ళు. ఎందుకంటే అడిగేవాడు వాడు, తెలిసినవాణ్ణి నేను. అయినా జనం ఇష్టపడేది వాణ్ణి.

నేను తెనాలి నుంచి, వాడు హనుమకొండ నుంచి చదువు కోసం ఈ పరాయి దేశం వచ్చి ఒకే అద్దె ఇంట్లో చేరాం. నాకంటే వయసులో పెద్దవాడే, అయినా నన్ను "అన్నా" అనేవాడు. పెరట్లోని చిన్న గదిలో అనంతపురం అమ్మాయి కాత్యాయని ఉండేది. వంటగది ముగ్గురికీ ఒకటే. ఫ్రిజ్‌లో పై అర కాత్యాయనిది, మధ్య అర నాది, కింది అర ద్వారకది. ఎవరి అర వారిదే అన్న నియమం రాసిపెట్టింది కూడా నేనే. నియమాలంటే నాకు ప్రాణం. నాకు ఎంసెట్‌లో మంచి ర్యాంకు వచ్చిందని మీకు చెప్పానా? ఆ ఇంట్లో అందరికీ చెప్పాను.

కాత్యాయని తాలింపు పెట్టేటప్పుడల్లా ద్వారక తలుపు దగ్గర నిలబడేవాడు.

"కాత్యాయనీ, ముందుగాల ఏది? ఆవాలా, జీలకర్రా?"

"ఆవాలు. చిటపటమన్నాక జీలకర్ర. మొన్న చెప్పింటి కదప్పా."

"మర్చిపోయిన. మరి ఎండుమిర్చి?"

ఆ అమ్మాయి విసుక్కుంటూనే నవ్వేది, చెప్పేది, చెబుతూ చెబుతూ వాళ్ళ ఊరి సంగతుల్లోకి వెళ్ళిపోయేది. ఆవాలు ముందని నాకూ తెలుసు. పక్కనే కుర్చీలో కూర్చుని ఉండేవాణ్ణి కూడా. నన్ను ఎవరూ అడగలేదు. తెలిసినవాడికి ఈ లోకంలో విలువ లేదని నాకు అప్పుడే అర్థమైంది.

శనివారాలు హార్డ్‌వేర్ కొట్టు ముందు ఏదో క్లబ్బు ముసలివాళ్ళు విరాళాల కోసం సాసేజ్‌లు కాల్చి బ్రెడ్డులో చుట్టి అమ్ముతుంటారు. ఒకసారి ఇద్దరం వరసలో నిలబడ్డాం. ద్వారక వంతు వచ్చింది.

"అంకుల్, ఫస్ట్ విచ్ వన్? ఆనియన్ ఆర్ సాసేజ్?"

ఆ ముసలాయన పట్టకారు కింద పెట్టేశాడు. "మేట్, ఈ మాట ఎవరో ఒకరు అడుగుతారని ఎన్నేళ్ళుగానో చూస్తున్నాను" అన్నాడు. ఉల్లిపాయలు అడుగున ఉంటే జారిపోవని ఆయన వాదం. పైన ఉంటేనే రుచని పక్కాయన వాదం. వరసలో ఉన్నవాళ్ళు రెండు పార్టీలయ్యారు. చివరికి ద్వారకకు భుజం తట్టి మరీ ఊరికే ఇచ్చారు, ఉల్లిపాయలు కిందా పైనా వేసి. వెనక నిలబడి మర్యాదగా ప్లీజ్ అన్న నాకు ఉల్లిపాయలు వేయడమే మర్చిపోయారు. సాసేజ్ మీద కుళ్ళుకున్న మొదటి తెనాలివాణ్ణి బహుశా నేనే.

యూనిలో, అదే యూనివర్సిటీలోనూ అంతే. ప్రొఫెసరుగారు బోర్డు నిండా ఏదో రాస్తుంటే ఈయన చెయ్యెత్తి, "సార్, ఫస్ట్ విచ్ వన్?" అన్నాడు. క్లాసంతా ఇకిలించింది. ప్రొఫెసరుగారు మాత్రం వెనక్కి తిరిగి, తన బోర్డు తనే చూసుకుని, "గుడ్ క్వశ్చన్" అని మళ్ళీ మొదటినుంచి చెప్పారు. ఆయన చేత ఆ రెండు మాటలు అనిపించుకోవాలని నేను సెమిస్టరంతా ఒక ప్రశ్నను నూరి పెట్టుకున్నాను. అది నా దగ్గరే ఉండిపోయింది.

అయినా ఓర్చుకున్నాను. తాలింపు వాడికి పోతే పోయింది, సాసేజ్ పోతే పోయింది, లెక్కలు నావి కదా అనుకున్నాను. అవీ పోయే రోజు వచ్చింది.

మా పక్కింట్లో ప్రిస్సిల్లా ఆంటీ ఉండేది. నరసాపురం మనిషి. వృద్ధాశ్రమంలో వంటింటి పని, ఆదివారం తెలుగు చర్చి, మిగతా టైమంతా ఎవరికి ఏం పెడదామా అన్న ఆలోచన. ఆవిడకు నర్సు కోర్సులో చేరాలని కోరిక. చేరాలంటే ముందు లెక్కల పరీక్ష ఒకటి పాసవ్వాలి. చిన్న లెక్కలే, కూడికలు, తీసివేతలు, బ్రాకెట్లు, కాస్త బీజగణితం. అందులో ఆవిడ రెండుసార్లు తప్పింది. ఇంకొక్కసారే రాయనిస్తామన్నారట.

ఒక ఆదివారం చర్చి నుంచి నేరుగా మా ఇంటికి వచ్చింది.

"బాబూ, నీకు లెక్కల్లో పెద్ద ర్యాంకొచ్చిందంట కదా."

"అబ్బే, ఏదో" అన్నాను, కుర్చీ వేస్తూ.

"మా హోమ్‌లో ఒక ముసలావిడ ఉంది బాబూ. మోకాళ్ళు నొప్పెట్టినప్పుడు నన్నే పిలుస్తది. మాత్ర ఇవ్వు ప్రిస్సీ అంటది. నేను టీ కప్పు ఇవ్వగలను గానీ మాత్ర ముట్టుకోకూడదు. నర్సు వచ్చేదాకా ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చుంటాను. ఆ మాత్ర ఇచ్చే మనిషినవ్వాలని ఉంది. ఈ ఒక్క పరీక్షా గట్టెక్కించు."

నాకు నిజంగానే మనసు కరిగింది. కరిగిన మనసుతోనే చెప్పాను, దక్షిణగా ఆంటీ ప్రతివారం చేపల పులుసు తెస్తానంది కాబట్టి ఇంకాస్త శ్రద్ధగా చెప్పాను. ఇక్కడివాళ్ళు బారాముండీ అంటారు గానీ అది మన పండుగప్పే. ఆంటీ చేతిలో పడితే దానికి గోదావరి గుర్తొస్తుంది.

మొదటి లెక్క వేశాను. ఇరవైలోంచి ఎనిమిది తీసి అయిదు కలపాలి. 20 − 8 + 5.

"ఏడు" అంది ఆంటీ.

"తప్పు. పదిహేడు. చూడండి" అని చకచకా చేసి చూపించాను.

"ఆయ్. అర్థమైంది బాబూ."

30 − 10 + 4 ఇచ్చాను. పదహారు అంది. తప్పు, ఇరవై నాలుగు అన్నాను. అర్థమైంది బాబూ అంది. తర్వాత బ్రాకెట్ల గొప్పతనం గురించి ఒక ఉపన్యాసం ఇచ్చాను. ఘాతాంకాల దాకా వెళ్ళాను, వర్గమూలాలు చూపించాను, కొసరుగా ఎంసెట్‌లో వచ్చిన ఒక లెక్కను తలకిందులుగా చేసి చూపించాను. ప్రతిదానికీ ఆంటీ తలూపింది. నేను అంత బాగా చెప్పడం నేనే ఎప్పుడూ వినలేదు.

రెండో వారం కూడా 20 − 8 + 5 ఏడే అయింది. మూడో వారం ఆర్వో షిఫ్ట్, అంటే మధ్యాహ్నం డ్యూటీ, పడిందని ఆంటీ రాలేదు. నాలుగో వారం నేను ఫ్రిజ్ తెరిచేసరికి పులుసు గిన్నె కింది అరలో ఉంది.

కింది అర ఎవరిదో మీకు తెలుసు. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు గానీ, ఆ పుల్లకూర పక్కవాడి అరలోకి పోయిందంటే దాని రుచి రెట్టింపవుతుంది. మూత తీసి వాసన చూశాను. మామిడికాయ ముక్కలు వేసింది. నాకు ఒక్కసారి కూడా మామిడికాయ వెయ్యలేదు.

"ద్వారకా, ఇదేంటి?"

"పులుసు అన్నా. ఆంటీ ఇచ్చింది."

"ఎందుకిచ్చింది?"

"నాకు తెల్వదన్నా. తింటవా? ముందుగాల ముక్కనా, పులుసా?"

నేను తిననని చెప్పాను. వాడు అటు తిరగ్గానే తిన్నాను.

ఎందుకిచ్చిందో మర్నాడే తెలిసింది. యూని నుంచి త్వరగా వచ్చేసరికి వంటింటి బల్ల దగ్గర ఇద్దరూ కూర్చుని ఉన్నారు. మధ్యలో ఒక పళ్ళెం, పళ్ళెంలో పచ్చి శనగలు. ద్వారక కాగితం మీద నా లెక్కే వేశాడు, 20 − 8 + 5. నేను తలుపు పక్కనే ఆగిపోయాను.

"ఆంటీ, ముందుగాల ఏది?"

"ప్లస్సు నాన్నా. చిన్నప్పుడు మా మాస్టారు బెత్తం పట్టుకుని పాడించేవారు. బోడ్‌మాస్‌లో అడిషన్ ఏ ముందొస్తది, సబ్‌ట్రాక్షన్ ఎస్ తర్వాతొస్తది. కూడిక అయ్యాకే తీసివేత. ఎనిమిదీ అయిదూ పదమూడు. ఇరవైలో పదమూడు పోతే ఏడు."

అక్కడుందన్నమాట చిక్కు. ఆంటీకి లెక్క రాకపోవడం కాదు, నరసాపురం బెత్తంతో నేర్చుకున్న పాట అక్షరాలా వచ్చు. ఆ పాటలో ఏ, ఎస్‌లు పక్కపక్కన సమానంగా కూర్చునే అన్నదమ్ములని, ఎడమవైపు ఎవరు ముందుంటే వారిదే వంతని ఎవరూ చెప్పినట్టు లేదు. రెండు వారాలు నేను తప్పు తప్పు అన్నాను గానీ ఏడెలా వచ్చిందని అడగలేదు.

ఆ క్షణాన నాకు తట్టిన ఆలోచన అది కాదులెండి. ద్వారక ఇప్పుడు ఆంటీని సరిదిద్దుతాడు, పేరు కొట్టేస్తాడు అన్నదే నా బాధ. కానీ వాడు సరిదిద్దలేదు.

"అవునాంటీ, ఏ ముందుగాలనే కదా" అన్నాడు తల గోక్కుంటూ. "మరి ఈ శనగలు ఇరవై ఉన్నయ్. ఎనిమిది తీసెయ్యమన్నడు, అయిదు ఎయ్యమన్నడు. మీరే చెయ్యున్రి, నేను సూస్త."

ఆంటీ ఎనిమిది తీసింది. అయిదు వేసింది. లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది.

"పదిహేడున్నాయేంటి?"

"నాకు గూడ సమజైతలేదాంటీ. పాటేమో ఏడంటున్నది."

ఆంటీ శనగల వైపు, కాగితం వైపు మార్చి మార్చి చూసింది. వేలు మైనస్ గుర్తు మీద పెట్టి, అక్కణ్ణుంచి ఎనిమిది మీదికి జరిపింది. తర్వాత మెల్లగా అంది: "నాన్నా, ఈ తీసేసేది ఎనిమిదికే. అయిదుకి కాదు. అయిదు మనకిచ్చేవి కదా, వాటిని కూడా తీసేత్తే ఎలాగ? ఎవరు ముందొత్తే వాళ్ళనే ముందు చూడాలి. మా మాస్టారు ఇది చెప్పలేదో, నేనే ఆ రోజు బడికెళ్ళలేదో."

"గట్లనా? ఇంకోసారి చెప్పున్రి ఆంటీ, నాకు ఎక్కలే."

ఆవిడ ఇంకోసారి చెప్పింది. మూడోసారి కూడా చెప్పింది, ఈసారి నాలుగు లెక్కలు తనే వేసి. తలుపు పక్కన నాకు ఒళ్ళు మండిపోయింది. ఇరవైలోంచి ఎనిమిది తీసి అయిదు కలపడం రానివాడు నా శిష్యురాలికి గురువా? ఈ మొద్దబ్బాయిని నమ్ముకుంటే ఆంటీ మూడోసారీ తప్పుతుంది, ఆ ముసలావిడకు మాత్ర ఎప్పటికీ అందదు. నా కుళ్ళుకు ఇంత చక్కని కారణం దొరకడం అదే మొదలు. వెంటనే లోపలికి వెళ్ళాను.

"ఆంటీ, ఇలా కాదు. ఒక పోటీ పెడదాం. నేనూ ద్వారకా ఒకే లెక్క చేస్తాం. ఎవరి దగ్గర నేర్చుకోవాలో మీరే తేల్చుకోండి."

శబ్దానికి కాత్యాయని పెరట్లోంచి వచ్చింది. మంచిదే, సాక్షి ఉండాలి అనుకున్నాను. కాగితం మీద పెద్దగా రాశాను: 40 − 6 × 3 + 2(5 − 1).

ముప్ఫై. రాయడం పూర్తవకముందే నా నోట్లోంచి జవాబు వచ్చేసింది. చుట్టూ చూశాను. ఎవరూ నా వైపు చూడటం లేదు.

"ఆంటీ, ముందుగాల ఏది?" అంటున్నాడు ద్వారక.

"బ్రాకెట్టు నాన్నా. అయిదులో ఒకటి పోతే నాలుగు."

"తర్వాత నలభైలకెళ్ళి ఆరు తీసెయ్యాల్నా?"

"నీ తలకాయ. ఆరు ఒక్కటే లేదు కదా, మూడుతో గుణకారం పెట్టుకుని ఉంది. ముందు వాళ్ళిద్దరి సంగతి తేల్చాలి. పద్దెనిమిది. ఇటుపక్క రెండు నాలుగులు ఎనిమిది. ఇప్పుడు నలభైలో పద్దెనిమిది పోతే ఇరవై రెండు, ఎనిమిది కలిపితే ముప్ఫై."

కాత్యాయని చప్పట్లు కొట్టింది. ద్వారక కొట్టాడు. ఆంటీ తన చేత్తో రాసిన ముప్ఫైని చూసుకుని "దేవునికి స్తోత్రం" అంది. పోటీలో గెలిచింది నేను. ఆ మాట రెండుసార్లు గుర్తుచేశాను కూడా. "అవును భార్గవ్, గెలిచినావులే" అంది కాత్యాయని, నన్ను కాస్త పక్కకు జరిపి ఆంటీకి మంచినీళ్ళిస్తూ.

ఆ తర్వాత బీజగణితం కూడా అదే బల్ల మీద నడిచింది. 3x + 2(x − 4) చూపించి ద్వారక, "బ్రాకెట్ల తెల్వనిది ఉన్నది ఆంటీ, లోపలికి ఎట్ల పోవాలె?" అని దిగాలుగా కూర్చున్నాడు. బయటి రెండు xతో మాత్రమే గుణించి, నాలుగుని అలాగే వదిలేద్దామా అన్నాడు. ఆంటీకి కోపమొచ్చింది. "మా హోమ్‌లో రెండు ట్రేలు తీసుకెళ్తాను. ఒక్కోదాన్లో నాలుగేసి కప్పులు తక్కువైతే మొత్తం ఎన్ని తక్కువ? ఎనిమిది కాదూ? ఆ కప్పుల్లేనోళ్ళు ఊరుకుంటారా నాన్నా?" అంటూ 5x − 8 అని రాసిపారేసింది. నేను నా గదిలో కూర్చుని తలుపు సందులోంచి ఇదంతా విన్నాను. పళ్ళు నూరుకోవడం వల్ల దవడ నొప్పి పుట్టింది.

పరీక్ష రోజున ఆంటీకి తోడుగా ద్వారక వెళ్ళాడు. నన్ను పిలవలేదు. అంటే పిలిచారు, నాకు పనుందన్నాను. పని ఏంటంటే వంటింట్లో కూర్చుని, ఆంటీ పాసైతే ఆ పేరు వాడికి పోతుందని, తప్పితే పాపం తప్పుతుందని, రెండు రకాలుగానూ బాధపడటం.

కాత్యాయని ఉల్లిపాయలు తరుగుతోంది. ఉండబట్టలేక అన్నాను: "ఇరవైలోంచి ఎనిమిది తియ్యడం రానివాడు గురువేంటి? ఆంటీ ఈసారి కూడా పోతే బాధ్యత ఎవరిది?"

ఆ అమ్మాయి కత్తి ఆపింది. "ద్వారక ఇక్కడికి రాకముందు ఏం చేస్తాన్నాడో తెలుసా నీకి?"

"ఏం చేసేవాడు?"

"కాలేజీలో లెక్చరరు. లెక్కలు చెప్తాన్నాడు. ఆయన క్లాసు కోసరం పక్క కాలేజీ పిల్లోళ్ళు గోడ దూకి వస్తాన్న్యారంట."

నా కింద కుర్చీ ఉంది కాబట్టి సరిపోయింది.

"ఇంగోటి చెప్పనా? వాళ్ళ నాయన పెళ్ళిళ్ళకి వంటలు చేసే ఆయన. ద్వారక గరిటె పట్టుకోని పెరిగినోడు. తాలింపులో ఆవాలు ముందని ఆయనకి తెలీదనుకుంటాండావా? నేను కొత్తగా వచ్చినప్పుడు గదిలోంచి బయటికొచ్చేదాన్ని కాదు. ఎవురితోనూ మాట్లాడబుద్ధయ్యేది కాదు. ఈ మనిషి వచ్చి ఆవాలా జీలకర్రా అని అడిగేవాడు. చెప్పకపోతే మాడ్చుకుంటాడేమో అని చెప్పేదాన్ని. చెప్పీ చెప్పీ మాటలొచ్చినాయి."

"నాకెవరూ ఇదంతా చెప్పలేదే?"

"నువ్వు ఆయన్ను ఎప్పుడన్నా ఏమన్నా అడిగినావా?"

ఆలోచించాను. ఏడాదిగా వాడికి నేను చాలా చెప్పాను. ఎంసెట్ గురించి, ఫ్రిజ్ అరల గురించి, చెత్తబుట్ట ఏ రోజు బయట పెట్టాలో అనే విషయం గురించి. అడిగింది మాత్రం ఒక్కటే, ఈ పులుసు నీకెందుకిచ్చింది అని. మొద్దు అనుకుని కుళ్ళుకున్నదానికంటే లెక్చరరని తెలిశాక ఇంకా ఎక్కువ కుళ్ళొచ్చింది. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడంటారు. వీడు తన్ననైనా తన్నకుండా తాడి కింద కూర్చుని దారి అడుగుతున్నాడు.

అంతలో గేటు చప్పుడైంది. ఆంటీ లోపలికి వస్తూనే కాత్యాయనిని వాటేసుకుని ఏడ్చింది, నవ్వింది, మళ్ళీ ఏడ్చింది. పాసైంది. ఫలితం అక్కడే చెప్పేసి, వచ్చే నెలలోనే కోర్సులో చేరమన్నారట. ద్వారక వెనకాల ఆంటీ చేతిసంచి మోసుకుంటూ, ముందుగాల చెప్పులు విడవాలా, సంచి దించాలా అన్నట్టు గుమ్మంలో నిలబడ్డాడు.

ఆంటీ కళ్ళు తుడుచుకుని కుర్చీలో కూర్చుంది. "బాబూ భార్గవ్, నీకో మాట చెప్పాలి" అంది గొంతు తగ్గించి. తగ్గించినా నలుగురికీ వినిపించింది. "ఈ ద్వారక ఉన్నాడే, మనసు బంగారం. బుర్రే పాపం కాస్త నెమ్మది. ఎంత చెప్పినా మళ్ళీ మొదటికొస్తాడు. ఆ అబ్బాయికి నేర్పీ నేర్పీ నాకే వచ్చేసింది. వచ్చే నెల నుంచి నాకు క్లాసులుంటాయి. ఇంత పెద్ద ర్యాంకు తెచ్చుకున్నావు, ఇంట్లోనే ఉంటావు, నువ్వైనా ఆ అబ్బాయికి కాస్త చెప్పకూడదా?"

కాత్యాయని నా వైపు చూసింది. ద్వారక నా వైపు చూశాడు. వాడి చూపులో ఏ బతిమాలుడూ లేదు, నిజంగా ఏం చెబుతానో తెలుసుకోవాలన్న కుతూహలమే ఉంది. చెప్పడానికి నా నాలుక చివర అంతా సిద్ధంగా ఉంది. ఆంటీ, ఈయన లెక్చరరు, గోడలు దూకించిన లెక్చరరు, మీకు రాదనుకుని రానట్టు నటించాడు. ఒక్క వాక్యం. వాడి పేరు, నా పేరు, ఆంటీ నేర్పిన పాఠం, అన్నీ ఒక్క దెబ్బతో ఎవరి అరలోకి వారికి సర్దేయవచ్చు.

ఆంటీ ముఖం చూశాను. ఒక మనిషికి లెక్కలు నేర్పి ఒడ్డెక్కించిన ముఖం అది. ర్యాంకు వచ్చిన రోజు అద్దంలో నా ముఖం కూడా అంత వెలగలేదు.

"చెబుదామనే ఉంది ఆంటీ" అన్నాను. "కానీ నాకూ అక్కడ కాస్త తికమకగానే ఉంటుంది. పది మైనస్ మూడు ప్లస్ రెండు అన్నారనుకోండి, అయిదే కదా?"

కాత్యాయని చేతిలో ఉల్లిపాయ జారి పడింది.

"అయ్యో నా తండ్రీ" అంది ఆంటీ. కళ్ళల్లో జాలి నిండిపోయింది. "ఆ ర్యాంకులూ అవీ ఎలా ఇచ్చారో మరి. ఇలా వచ్చి నా పక్కన కూర్చో. గాభరా పడకు, చెప్తాను. తొమ్మిది వస్తది, ఎందుకొస్తదో చూద్దూగాని. ద్వారకా, నువ్వు కాస్త జరుగు నాన్నా, ఈ అబ్బాయి నీకన్నా వెనకబడి ఉన్నాడు. ముందు ఇతన్ని చూడాలి."

ద్వారక లేచి నాకు కుర్చీ ఇచ్చి గోడవారగా నిలబడ్డాడు. ఆంటీ నా చేతికి పెన్నిచ్చి, నా తల నిమిరి, శనగల పళ్ళెం నా ముందుకు లాగింది. నేను తలెత్తి వాడి ముఖం చూశాను. మూతి కాస్త ముడుచుకుని ఉంది. ఆ ముఖంలో ఉన్నదేమిటో నాకు బాగా తెలుసు, ఏడాదిపాటు నేను మోసిందే. నాకు ఎంత హాయిగా అనిపించిందంటే, ఆంటీ చెబుతుండగా ఇంకో రెండు తప్పులు కూడా చేశాను.